పాడువాలో చిన్న తలుపులు

వెనిస్ నగరాన్ని గురించి మీరంతా వినే ఉంటారు. వీధులకు బదులు కాలవలూ, బళ్ళకు బదులు పడవలూ ఉండే ఊరు అది. ఆ వెనిస్‌లో రైలెక్కి పడమరగా అరగంట పోతే పాడువా అనే ఊరు వస్తుంది. అక్కడివాళ్ళు దాన్ని పాదోవా అంటారు. వెనిస్ చూడటానికి వచ్చినవాళ్ళలో చాలామంది పాడువాలో దిగకుండానే వెళ్ళిపోతారు. కాని మన ఒంట్లో రక్తం ఎలా తిరుగుతుందో తెలుసుకోవాలంటే తప్పకుండా దిగవలసిన ఊరు అదే.

మా అన్నయ్య ఉద్యోగం మీద ఇటలీలో ఉంటున్నాడు. చలికాలంలో నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, అన్నయ్య కూతురు చిట్టి, నేనూ కలిసి పాడువా బయలుదేరాం. చిట్టికి పదకొండేళ్ళు. రైల్లో కూర్చున్నదేగాని, దాని మనసంతా ఊళ్ళో ఉన్న నాయనమ్మ మీదనే ఉన్నది.

"బాబాయ్! నాయనమ్మ కాళ్ళ మీద నీలంగా తాళ్ళలాగా నరాలు ఉబ్బి ఉంటాయి చూశావా? ఇప్పుడు చీలమండ పైన పుండు కూడా పడిందిట. రెండు నెలలైనా మానలేదుట. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే, 'వయసు మీద పడితే నరాలు లాగవుటే' అంటున్నది," అన్నది.

"అవి నరాలు కావమ్మా. నరాలు మెదడు నుంచి కబుర్లు మోసే తీగల్లాంటివి. నాయనమ్మ కాళ్ళ మీద కనిపించేవి సిరలు, అంటే రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకుపోయే గొట్టాలు. అవి ఎందుకు ఉబ్బుతాయో చెప్పే చోటికే ఇప్పుడు మనం వెళుతున్నాం," అన్నాను.

స్టేషన్ నుంచి ఊళ్ళోకి నడిచాం. పాడువా వీధుల్లో రెండు పక్కలా ఇళ్ళ ముందు కమానుల వసారాలు ఉంటాయి. వాన పడినా, ఎండ కాసినా ఆ వసారాల కిందనే ఊరంతా తిరగవచ్చు. అలా నడిచి ఊరి నడుమకు చేరగానే విశ్వవిద్యాలయం కనిపించింది. అది 1222లో ఏర్పడింది. దాని పాత భవనానికి పేరు "బో". ఆ ప్రాంతపు భాషలో బో అంటే ఎద్దు! ఒకప్పుడు ఆ స్థలంలో ఎద్దు బొమ్మ గుర్తుగా ఉన్న పూటకూళ్ళ సత్రం ఒకటి ఉండేది. సత్రం పోయి చదువులు వచ్చినా ఎద్దు పేరు మాత్రం నిలిచిపోయింది. ఈ మాట విని చిట్టి పకపకా నవ్వింది.

బో నడవా గోడల నిండా రంగురంగుల డాలు బొమ్మలున్నాయి. ఆ కాలంలో దేశదేశాల నుంచి వచ్చి చదువుకున్నవాళ్ళ వంశచిహ్నాలు అవి. మెట్ల మొదట ఒక స్త్రీ విగ్రహం ఉన్నది. ఆమె పేరు ఎలెనా కోర్నారో పిస్కోపియా. 1678లో ఆమె ఇక్కడ తత్వశాస్త్రంలో డాక్టరు పట్టా పుచ్చుకున్నది. విశ్వవిద్యాలయంలో అటువంటి పట్టా పొందిన మొదటి స్త్రీగా ఆమెను చెప్పుకుంటారు. గెలీలియో 1592 నుంచి 1610 వరకు పాఠాలు చెప్పింది కూడా ఈ ఊళ్ళోనే.

కాని మేము వచ్చింది వేరే దాని కోసం. మాతో వచ్చిన మార్గదర్శి ఒక చిన్న చీకటి గదిలోకి తీసుకుపోయి, "తలెత్తి పైకి చూడండి," అన్నది.

చూశాం. మా తలల పైన కోడిగుడ్డు ఆకారంలో ఒక కొయ్య చట్రం, దాని పైన మరికాస్త పెద్దది, దాని పైన ఇంకా పెద్దది, అలా ఆరు వరసలు గరాటులాగా పైకి విచ్చుకుంటూ పోయాయి.

"బాబాయ్! బావి అడుగున నిలబడి ఒరల్ని చూస్తున్నట్టుంది!" అన్నది చిట్టి.

అదే పాడువా శరీరశాస్త్ర నాటకశాల. 1595 ప్రాంతంలో కట్టారు. ఈ మాదిరి శాశ్వత కట్టడాల్లో ఈనాటికీ నిలిచి ఉన్నవాటిలో ఇదే అతి పాతది. నాటకశాల అంటే ఇక్కడ వేషాలు కట్టేవారని కాదు. అడుగున బల్ల మీద చనిపోయిన మనిషి దేహాన్ని ఉంచి, గురువు దాన్ని కోసి లోపలి భాగాలు చూపుతుంటే, విద్యార్థులు ఆరు వరసల్లోనూ కొయ్య కమ్ములు పట్టుకుని నిలబడి, వంగి చూసేవాళ్ళు. ఆ రోజుల్లో దీనికి కిటికీలు లేవు. దీపాల వెలుగులోనే చూడాలి. శవం పాడవకుండా ఉండేందుకు చలికాలంలోనే ఈ పాఠాలు జరిగేవి. 1872 వరకు దీన్ని వాడారు. ఇప్పుడు కొయ్య పాతబడింది గనక వచ్చినవాళ్ళు ఆ వరసలు ఎక్కరు. శవం ఉండిన వైపు నుంచి, అంటే అడుగు నుంచి పైకి చూస్తారు.

దీన్ని కట్టించిన గురువు పేరు ఫాబ్రీషియస్. 1574లో ఆయన ఒక సిరను చీల్చి చూస్తుండగా లోపల విచిత్రమైనది ఒకటి కనిపించింది. సిర గోడకు అంటుకుని, పల్చటి పొరతో చేసిన రెండు చిన్న జేబుల వంటివి ఎదురెదురుగా ఉన్నాయి. కొంచెం దూరం పోతే మరో జత, ఇంకొంచెం దూరంలో మరో జత. ఆయన వాటిని బొమ్మలు గీయించి, 1603లో ఒక పుస్తకం అచ్చువేయించాడు. లాటిన్ భాషలో ఆ పుస్తకం పేరుకు అర్థం ఏమిటో తెలుసా? "సిరలలోని చిన్న తలుపులను గురించి"! ఇప్పుడు మన పాఠ్యపుస్తకాల్లో వీటిని కవాటాలంటున్నాం. కవాటమన్నా తలుపే గదా!

అయితే తలుపుల్ని చూసిన ఫాబ్రీషియస్ వాటి పని మాత్రం సరిగ్గా పోల్చుకోలేకపోయాడు. రక్తం కాలేయంలో పుట్టి సిరల గుండా కాళ్ళకూ చేతులకూ పోతుందని ఆనాటి పండితుల నమ్మకం. ఆ రక్తమంతా ఒక్కసారిగా కాళ్ళలోకి దిగిపోకుండా ఈ తలుపులు నెమ్మదిస్తాయని ఆయన అనుకున్నాడు.

ఆ కొయ్య వరసల మీద నిలబడి ఆయన పాఠాలు విన్నవాళ్ళలో విలియం హార్వే అనే ఇంగ్లీషు యువకుడు ఉన్నాడు. 1602లో ఇక్కడే అతను పట్టా పుచ్చుకున్నాడు. బో గోడ మీద అతని వంశచిహ్నం కూడా ఉన్నది. హార్వేకు ఒక సందేహం కలిగింది. "ఈ తలుపులన్నీ గుండె వైపుకే తెరుచుకుంటున్నాయి. మరి రక్తం గుండె నుంచి కాళ్ళకు సిరల గుండా ఎలా పోతుంది?" అని ఆలోచించాడు. ఎన్నో ఏళ్ళు పరీక్షలు చేసి 1628లో తన పుస్తకం ప్రకటించాడు. గుండె నుంచి ధమనుల గుండా బయలుదేరిన రక్తం, సిరల గుండా మళ్ళీ గుండెకే చేరుతుందని అందులో నిరూపించాడు. గురువుకు కనిపించిన తలుపులే శిష్యుడికి దారి చూపించాయన్నమాట.

బయటకు వచ్చి వసారాలో ఒక బెంచీ మీద కూర్చున్నాం. "హార్వే చేసిన పరీక్ష లాంటిది చూస్తావా?" అని నా చెయ్యి కాసేపు కిందికి వేలాడదీశాను. చేతి వెనక సిరలు ఉబ్బాయి. ఒక సిర మీద, వేళ్ళ వైపుగా, చిట్టిని తన వేలితో నొక్కిపట్టమన్నాను. మరో వేలితో అక్కణ్ణుంచి మణికట్టు వైపుకు సిరను రాసి, ఆ రెండో వేలు తీసెయ్యమన్నాను. రాసినంత మేరా సిర అణిగిపోయింది. పైనుంచి రక్తం వెనక్కి రాలేదు. చిట్టి మొదటి వేలు తియ్యగానే కిందనుంచి సిర టక్కున నిండింది.

"సైకిల్ ట్యూబు వాల్వులాగే ఉన్నది! గాలి లోపలికి పోతుంది, బయటికి రాదు," అన్నది చిట్టి.

"సరిగ్గా చెప్పావు. మనం నిలబడి ఉన్నప్పుడు పాదాల్లో రక్తం గుండెకు ఎక్కాలంటే ఎంత ఎత్తు ఎక్కాలో చూడు. నడిచేటప్పుడు పిక్క కండరాలు సిరల్ని పిండుతాయి. రక్తం పైకి ఎగుస్తుంది. పైకి పోయేటప్పుడు ఈ జేబులు గోడకు అణిగి దారి ఇస్తాయి. రక్తం కిందికి జారబోతే అదే రక్తంతో జేబులు నిండి, రెండూ ఒకదానికొకటి ఆనుకుని దారి మూసేస్తాయి. ఒక్కొక్క తలుపూ ఒక్కొక్క మెట్టు అనుకో."

చిట్టి కాసేపు ఊరుకుని, "అయితే నాయనమ్మ కాళ్ళలో తలుపులు పాడయ్యాయా?" అన్నది.

"అలాగే తోస్తున్నది. తలుపు సరిగ్గా మూసుకోకపోతే ఎక్కిన రక్తం మళ్ళీ దిగుతుంది. కింద సిరల్లో ఒత్తిడి పెరిగి, అవి ఉబ్బి మెలికలు తిరుగుతాయి. ఏళ్ళ తరబడి అలా ఉంటే చీలమండ దగ్గర చర్మం నల్లబడి, చివరకు పుండు పడుతుంది. ఎంత మందు రాసినా త్వరగా మానదు. ఎందుకంటే తప్పు చర్మంలో లేదు, లోపలి తలుపుల్లో ఉన్నది."

"లోపలి తలుపుల్ని డాక్టర్లు ఎలా చూస్తారు? నాటకశాలలో అయితే మనిషి చచ్చిపోయాడు గనక కోసి చూశారు. బతికున్న మనిషి సిర లోపల ఎలా చూడటం?"

పిల్లలూ, చిట్టి అడిగిన ఈ ప్రశ్నకు జవాబు దొరకటానికి చాలా కాలం పట్టింది. వైద్యులకు మొదట వెలుగు కావలసి వచ్చింది. 1806లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో బోట్సీని అనే వైద్యుడు, మైనపువత్తి వెలుగును ఒంటి లోపలికి పంపే గొట్టం ఒకటి తయారు చేయించాడు. 1879లో నీట్సే అనే జర్మన్ వైద్యుడు వియన్నా నగరంలో మూత్రాశయం లోపల చూసే పరికరాన్ని చూపించాడు. దాని కొసన కాలి మెరిసే ప్లాటినం తీగ ఉండేది. అది ఒంటిని కాల్చకుండా చుట్టూ నీళ్ళు పారించేవాళ్ళు. ఇవన్నీ వంగని గొట్టాలు. వంకరలు తిరిగిన దారుల్లో అవి పనికిరావు.

వెలుగును వంచే ఉపాయంలో మన దేశస్థుడి పాలు కూడా ఉన్నది. పంజాబులోని మోగాలో 1926లో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ లండనుకు వెళ్ళి, హాప్కిన్స్ అనే ఆచార్యుడి వద్ద పరిశోధన చేశాడు. వెంట్రుకల్లాంటి సన్నని గాజుపోగుల్ని కట్టగా కడితే, కట్ట వంగినా బొమ్మ ఈ కొస నుంచి ఆ కొసకు చేరుతుందని వాళ్ళిద్దరూ 1954లో ప్రకటించారు. ఒక్కొక్క పోగు బొమ్మలో ఒక్కొక్క చుక్కను మోస్తుంది. ముగ్గులో చుక్కలన్నీ కలిస్తే ముగ్గయినట్టు, ఆ చుక్కలన్నీ కలిస్తే బొమ్మ అవుతుంది. 1957లో అమెరికాలో హిర్షోవిట్స్ అనే వైద్యుడు ఇలాంటి వంగే గొట్టంతో జీర్ణాశయం లోపలి భాగాన్ని చూడగలిగాడు. తరవాత తరవాత ఆ గొట్టాలు ఒక మిల్లీమీటరు మందం వరకు, అంతకన్నా సన్నగా కూడా వచ్చాయి. రక్తనాళాల్లోకి పంపే అటువంటి గొట్టాన్ని యాంజియోస్కోపు అంటారు.

అయితే సిరలోకి దీపం పంపగానే సరిపోదు. అక్కడ ఉన్నది రక్తం! బురదనీటిలో మునిగి కళ్ళు తెరిస్తే ఏమి కనిపిస్తుంది? అందుకని వైద్యులు ఆ భాగంలోకి రక్తం రాకుండా కాసేపు ఆపి, శుభ్రమైన ఉప్పునీరు ఎక్కిస్తారు. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు ఉండే ఈ నీరు ఒంటికి సరిపడుతుంది. రక్తం పక్కకు తొలగగానే తెర మీద బొమ్మ తేటగా కనిపిస్తుంది. నీరు ఆపితే కొద్ది సేపట్లోనే మళ్ళీ ఎర్రటి మబ్బు కమ్ముతుంది. పోనీ చాలాసేపు నీరు ఎక్కిద్దామంటే అంత నీటిని మోయటం గుండెకు కష్టం. అందుకని చూడవలసిందేదో త్వరగా, జాగ్రత్తగా చూడాలి.

"ఏం కనిపిస్తుంది బాబాయ్?" అన్నది చిట్టి ఆత్రంగా.

"ఇందాక నువ్వు చూసిందే! బావి లాంటి గుండ్రటి దారి. తెల్లగా, నున్నగా గోడ. కొంత దూరంలో రెండు పల్చటి పొరలు నీటివాలుకు కదులుతూ ఉంటాయి. అవే ఫాబ్రీషియస్ చెప్పిన తలుపులు. పక్క సిరలు వచ్చి కలిసేచోట గోడలో నల్లని కన్నాలు కనిపిస్తాయి. రక్తం గడ్డకట్టి ఉంటే ఎర్రటి ముద్దలాగా అడ్డం కనిపిస్తుంది."

ఇలా చూడటం వల్ల ఉపయోగం ఏమిటో రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది తలుపు బిగించటం. కొందరికి లోతు సిరల్లో తలుపులు వదులై వేలాడుతూ ఉంటాయి. అటువంటి తలుపుకు కుట్లు వేసి బాగుచెయ్యటం 1968లో హవాయి దీవుల్లో కిస్ట్నర్ అనే వైద్యుడు మొదలుపెట్టాడు. అందుకు సిరను చీల్చి తెరవవలసి వచ్చేది. యాంజియోస్కోపు వచ్చాక కొందరు వైద్యులు సిరను చీల్చకుండా, లోపల నుంచి చూస్తూ బయటి నుంచే సన్నని కుట్లు వేశారు. కుట్టు బిగించగానే రెండు పొరలూ కలుసుకున్నాయో లేదో అక్కడికక్కడే తెర మీద తెలుస్తుంది.

రెండవది తలుపు తీసెయ్యటం. వినటానికి వింతగా ఉంటుంది. కొందరికి కాలి ధమని పూడుకుపోతుంది. పొగతాగటం, మధుమేహం దీనికి ముఖ్యమైన కారణాలు. పాదానికి రక్తం అందక వేళ్ళు నల్లబడతాయి. అలాగే వదిలేస్తే కాలు తీసెయ్యవలసి రావచ్చు. అప్పుడు శస్త్రవైద్యుడు ఆ రోగి కాలిలోనే ఉన్న ఒక పొడుగాటి సిరను ధమనికి బదులు వాడుకుంటాడు. చీలమండ దగ్గర నుంచి గజ్జ దాకా పోయే ఆ సిర ఒంట్లోకెల్లా పొడవైనది. దాని పని మిగతా సిరలు చూసుకుంటాయి. ఆ సిరను బయటికి తీసి, తలకిందులు చేసి అతకటం ఒక పద్ధతి. ఉన్నచోటనే ఉంచి, పై కొసను తొడలోని ధమనికి, కింది కొసను అడ్డుకు దిగువన ధమనికి కలపటం మరో పద్ధతి. సిర పైన లావుగా, కింద సన్నగా ఉంటుంది గనక రెండో పద్ధతిలో కొసలు చక్కగా అమరుతాయి.

కాని ఇప్పుడు రక్తం పైనుంచి కిందికి రావాలి. దారిలో తలుపులన్నీ మూసుకుని అడ్డం నిలుస్తాయి! అందుకని కొస వంపు తిరిగిన ఒక చిన్న కత్తిని లోపలికి పంపి ఒక్కొక్క తలుపునూ కోసెయ్యాలి. కంటికి కనిపించకుండా, చేతి స్పర్శ మీదనే ఈ పని చేస్తే ఒక తలుపు మిగిలిపోవచ్చు, లేదా సిర గోడకే కత్తి తగలవచ్చు. యాంజియోస్కోపు పక్కన ఉంటే కత్తి ఏ తలుపు మీద ఉన్నదో, అది పూర్తిగా తెగిందో లేదో కనిపిస్తుంది. పక్క సిరల కన్నాలు కూడా కనిపిస్తాయి గనక రక్తం దారి తప్పకుండా వాటిని మూసెయ్యవచ్చు.

ఒక మనిషికి తలుపు బిగిస్తేనే పుండు మానుతుంది. మరొక మనిషికి తలుపు తీసేస్తేనే కాలు నిలుస్తుంది. ఏది చెయ్యాలన్నా ముందు ఆ తలుపును కళ్ళారా చూడటం ఎంత మేలో చూశారా!

అంతా విని చిట్టి, "అయితే నాయనమ్మ కాల్లోకి కూడా దీపం పంపుతారా?" అని దిగులుగా అడిగింది.

"అక్కర్లేకపోవచ్చు. ఇప్పుడు ఎక్కువమందికి అల్ట్రాసౌండు పరీక్షే చేస్తారు. చర్మం మీద ఒక పరికరం ఆనించి, మన చెవికి వినిపించని శబ్దతరంగాలు పంపుతారు. ఏ తలుపు పాడయిందో, రక్తం ఎటు పోతున్నదో అందులో తెలిసిపోతుంది. నొప్పే ఉండదు. తరవాత చాలామందికి బిగువైన కట్టు కట్టి, కాలు ఎత్తున పెట్టుకోమంటారు. కొందరికి పాడయిన సిరనే వేడితో మూసేస్తారు. లోపలికి కెమెరా పంపేది దానితో మాత్రమే తేలే పని ఉన్నప్పుడు. ఏది అవసరమో చెప్పవలసింది డాక్టరు. చెప్పాలంటే నాయనమ్మ ముందు వెళ్ళాలి గదా!"

ఆ రాత్రి ఇంటికి రాగానే చిట్టి నాయనమ్మకు ఫోను చేసింది. మా అమ్మ మామూలుగా, "వయసు వచ్చాక నరాలు..." అని మొదలుపెట్టింది.

"అవి నరాలు కావు నాయనమ్మా! సిరలు! వాటిలో చిన్న చిన్న తలుపులుంటాయి. నీ తలుపులు సరిగ్గా మూసుకోవటం లేదేమో. నాలుగు వందల ఏళ్ళ కిందటే వాటికి బొమ్మలు గీశారు. నేను ఆ చోటు చూసి వచ్చాను!" అని చిట్టి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. కుర్చీలో కూర్చున్నప్పుడు కాలు పీట మీద పెట్టుకోమన్నది. ఎక్కువసేపు నిలబడి వంట చెయ్యవద్దన్నది.

అవతల కాసేపు మాట లేదు. తరవాత మా అమ్మ, "నా కాళ్ళలో తలుపులేమిటే!" అని నవ్వింది. ఆ నవ్వు అయ్యాక, "సరేలే. మీ బాబాయికి ఇవ్వు," అన్నది.

నేను ఫోను అందుకున్నాను.

"ఒరే, నువ్వు తిరిగి రాగానే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళు. ఈ పిల్ల చెప్పిన తలుపులేవో నేనూ చూడాలి," అన్నది అమ్మ.